చేరని ‘వద్దు’

“జీతం లేని పనికి ఇంత శ్రద్ధా!” అన్నాడు భర్త, ఆమె మడతపెట్టిన చొక్కాల దొంతరలోంచి అడుగుది లాగుతూ.

దొంతర కూలింది. ఆమె ఒక చేత్తో చొక్కాలు సర్దుతూ రెండో చేత్తో లాప్‌టాప్ మీద ఎంటర్ కొట్టింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. లైబ్రరీ ఇన్‌స్టాల్ కాలేదు. దాన్ని ఎక్కించడానికి కావలసిన కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాము లేదట. అది వేసి మళ్లీ మొదలుపెడితే ఈసారి ఎక్కింది.

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. సమాచారాన్ని చిన్న మూటగా కట్టి ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపే ప్రోగ్రాము. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఆమె పాత ఆఫీసు తయారుచేసే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ దానిమీదే నడుస్తుంది. పాప పుట్టాక ఆ ఉద్యోగం ‘మానేసింది’. అందరూ ఆ మాటే వాడతారు. “పాపకి నువ్వే కావాలి, ఆఫీసుకి ఎవరైనా సరిపోతారు” అని భర్త అన్న సంగతి ఆ మాటలో ఎక్కడా ఉండదు.

తీరా చూస్తే ఎవరూ సరిపోలేదు. మొన్న టీమ్ లీడరే ఫోన్ చేసింది. ఆఫీసులో అందరూ ఆవిడను హెడ్మిస్ట్రెస్ అంటారు.

“వివరాలు బీమా కంపెనీకి ఇవ్వచ్చా అంటే పేషెంట్లు ఫారంలో ‘వద్దు’ నొక్కుతున్నారే. అటువైపు ‘సరే’ అని పడుతోంది! మావాళ్లు జుట్టు పీక్కుంటున్నారు. ఇది పట్టుకున్నావంటే నీ కుర్చీ నీదే. సోమవారం వచ్చి కూర్చో.”

ఆ సాయంత్రం ఆ మాట చెబితే భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా “చూద్దాంలే” అన్నాడు. మర్నాడు కొత్త కబురు తెచ్చాడు.

“సోమవారం నుంచి మా అక్క పిల్లలు బడి అవగానే ఇక్కడికే వస్తారు. అక్కకి ఆఫీసులో లేటవుతోందట.”

“నాకు కుదరదండీ. నేనూ ఆఫీసుకి వెళ్లాలి కదా.”

“సరే, అక్కతో చెప్తాలే.”

ఇవాళ పొద్దున్న వదిన నుంచి మెసేజ్ వచ్చింది. ‘థాంక్స్ అమ్మా. నీది చాలా పెద్ద మనసు.’

“మీరు చెప్పలేదా?” అని చొక్కాలు సర్దుతూనే అడిగింది.

“నువ్వేదో మాటవరసకి అన్నావనుకున్నా. ఎప్పుడైనా కాదన్నావా నువ్వు?” అని నవ్వి, చొక్కా తొడుక్కుని బజారుకి వెళ్లాడు.

పాప నిద్రపోయింది. ఆమె లైబ్రరీని విప్పి కూర్చుంది. ఫారం దగ్గర చూసింది, జవాబు ‘వద్దు’ అనే ఉంది. అటువైపు చూసింది, ‘సరే’ అని ఉంది. రెండు వైపులా ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు. మరి తప్పెక్కడ? అలా వెతుక్కుంటూ మూట కట్టే చోటికి చేరింది. అక్కడ దొరికింది దొంగ. ‘వద్దు’ అంటే లైబ్రరీ లెక్కలో సున్నా. సున్నాని మోయడం దండగని మూటలో వేయకుండా వదిలేస్తోంది. అటువైపు విప్పేది ఆ ఖాళీ చూసి, ఏమీ అనలేదు కాబోలనుకుని, ముందే రాసిపెట్టుకున్న ‘సరే’తో నింపేస్తోంది. ఆమె ఫోన్ తీసి వదిన మెసేజ్ మళ్లీ ఒకసారి చదివింది.

దిద్దుబాటు నాలుగు వరసలే. రాసి, పరీక్షించి, లైబ్రరీని ఏళ్లుగా చూసుకుంటున్న పెద్దాయనకు పంపింది. జవాబు త్వరగానే వచ్చింది.

‘దీనివల్ల మూట బరువు పెరుగుతుంది. ఇన్నేళ్లలో ఎవరూ ఇబ్బంది అనలేదు.’

ఎప్పటిలా అయితే ‘సరే సార్’ అని ఊరుకునేది. కానీ ఒక పరీక్ష జతచేసింది. ఇటు ‘వద్దు’ వేస్తే అటు ‘సరే’ రావడం ఎవరి కళ్లకైనా కనిపిస్తుంది. కింద ఒక ముక్క రాసింది: ‘అన్నారండీ. మీదాకా చేరలేదు.’

పాప లేచి, పాలు తాగి, బొమ్మ విరగ్గొట్టేసరికి ఆయన నుంచి కబురు. ‘నిజమే. చేర్చుకున్నాను.’

హెడ్మిస్ట్రెస్‌కి చెప్పేసింది. ఇక సోమవారం ఒక్కటే మిగిలింది. అటువైపు ఏం చేరిందో అటువైపునే అడగాలి. ఫోన్ తీసింది.

“వదినా, పిల్లల సంగతి ఆయన మీకేం చెప్పారు?”

“అదేంటమ్మా, నువ్వే పంపమన్నావటగా! ఇంట్లో తోచట్లేదు, పిల్లలుంటే సందడిగా ఉంటుంది అన్నావట.”

“నేను కుదరదన్నాను వదినా. సోమవారం నుంచి నాకు ఆఫీసు.”



“ఆఫీసా! ఆ మాటే చెప్పలేదు వాడు. అసలు నాకు లేటవుతోందని వాడితో ఊరికే అన్నానంతే. మీ ఇంటికి పంపనురా, మా ఆఫీసు పక్క డే కేర్‌లో వేస్తానని కూడా చెప్పాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావన్నాడే!”

“ఎప్పుడన్నారు?”

“మొన్న రాత్రి. టీవీ మోగుతోంది వెనకాల.”

తను ఆయనకి ఆఫీసు కబురు చెప్పిన రాత్రే.

“ఆ డే కేర్‌లో చిన్నపిల్లల్ని కూడా చూసుకుంటారు. సోమవారం పాపని తీసుకుని వచ్చెయ్, కలిసే దింపుదాం. వాడి సంగతి నేను చూస్తా.”

“వచ్చేస్తాను వదినా. ఆయన సంగతి మాత్రం మీకొద్దు, నేనే చూసుకుంటా.”

సంచులతో లోపలికొచ్చిన భర్త గుమ్మంలోనే ఆగాడు. “ఎవరితో?”

“మీ అక్కతో. పిల్లలు రావట్లేదు. సోమవారం పాపని డే కేర్‌లో దింపి నేను ఆఫీసుకి వెళ్తున్నాను.”

“అన్నీ మీరే తేల్చేసుకున్నారా? నన్నొక మాట అడగొద్దూ? మధ్యలో నేనున్నాను కదా!”

“అందుకే అడగలేదండీ” అంది ఆమె.