నాలుగో అంతస్తు లిఫ్టు

నిరుడు జనవరి మంచులో జనాన్ని గజగజ వణికించి ఇళ్ళు ఖాళీ చేయించిన పెద్దమనిషి ఇవాళ డోనట్ల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎవరికి ఒళ్ళు మండదు? నాలుగో అంతస్తులో అద్దెకుండే వెర్నాకూ మండింది.

"తనిఖీకి వచ్చేవాళ్ళ ముందు నోరు మూసుకుని ఉంటే చాలు వెర్నా. నీ వంటగది కొత్తగా చేయిస్తా," అన్నాడు మేడ యజమాని హల్వర్సన్.

"అలాగే దొరా," అంది వెర్నా. డోనట్లు కూడా తీసుకుంది.

మేడంతటినీ వేడిచేసే పాత బాయిలరు తీసేసి కరెంటు హీటర్లు పెడతానని బఫెలో నగరపాలక సంస్థ దగ్గర గ్రాంటు పుచ్చుకున్నాడు వాడు. షరతు ఒక్కటే, ఉన్న అద్దెవాళ్ళు పాత అద్దెకే ఉండాలి. అది చూడటానికే ఇవాళ్టి తనిఖీ. పనుల వంకతో మూడు వారాలు వేడి ఆపేశాడు. పసిపిల్లలున్నారు మొర్రో అంటే, "ఇంకో కోటు వేసుకోండి," అన్నాడు. ఆ మాట వెర్నా మరిచిపోలేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పందొమ్మిదేళ్ళుగా ఎదురింట్లో ఉన్న ఒడెస్సా, బస్సు కూడా పోని ఊరి చివరికి చేరి, ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం పోగొట్టుకుంది. ఇక్కడేమో బస్‌స్టాప్ పీకించి, రాబోయే డబ్బున్నవాళ్ళ కరెంటు కార్లకు ఛార్జర్లు పెట్టించాడు. భూగోళాన్ని కాపాడుతున్నాడట, వాడి మొహం!

వెర్నా రెండుసార్లు ఫిర్యాదు రాసింది. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయని జవాబొచ్చింది. ఇవాళ వాడు తనిఖీ గట్టెక్కితే ఒడెస్సాకు ఈ ఇల్లు ఇక లేనట్టే.

నగరం తరఫున తనిఖీకి మిస్ బరాన్ అనే ఆవిడ వచ్చింది. హల్వర్సన్ తన ఆఫీసువాళ్ళనూ మేనల్లుళ్ళనూ పాత అద్దెవాళ్ళ పేర్లతో గదుల్లో కూర్చోబెట్టి, ఒక్కో అంతస్తూ మెట్ల మీదుగా చూపించుకొచ్చాడు. నాలుగో అంతస్తుకొచ్చేసరికి ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి.

"లిఫ్టులో దిగుదామండీ," అంది.

వెర్నా ఎదురు చూస్తున్నది ఆ మాట కోసమే. ఎదురింటి గుమ్మంలో ఒడెస్సా పేరు పెట్టుకుని నిలబడ్డ పిల్లను పిలిచింది.

"ఏమే ఒడెస్సా, పందొమ్మిదేళ్ళ నుంచీ ఉంటున్నదానివి, మేడమ్ గారికి కాస్త లిఫ్టు తెరిచిపెట్టు."

ఆ పిల్ల బటన్ నొక్కింది. లిఫ్టొచ్చింది, తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. హల్వర్సన్ నొక్కాడు. మేనల్లుడొచ్చి గోళ్ళతో తలుపు లాగాడు.

"తప్పుకోండి," అంది వెర్నా. తలుపు కింద ఎడమ మూలన బూటుతో ఒక్క తాపు తన్నింది. అది నోరు తెరిచింది.

"నాలుగో అంతస్తులో ఒక్క వారం ఉన్నా ఈ తన్ను తెలుస్తుంది మేడమ్. బాగు చేయించమని పదేళ్ళుగా అడుగుతున్నాం. వీడికి తెలీదు, వీడి మనుషులకూ తెలీదు. ఈ అంతస్తులో మిగతా గదులవాళ్ళనూ పిలిచి తెరవమనండి."

మిస్ బరాన్ పిలిచింది. ఒక్కరికీ చేతకాలేదు.

"అసలు ఒడెస్సా ఎక్కడమ్మా?" అంది ఆవిడ, కాగితం మీద ఆ పేరు పక్కన తప్పు గుర్తు పెడుతూ.

వెర్నా అప్పటికే ఫోను కలిపింది. "ఒసేయ్, సామాను సర్దుకో. మన లిఫ్టు సాక్ష్యం చెప్పిందే!"

మిగతా విచారణ తన ఆఫీసులోనే అంది మిస్ బరాన్. హల్వర్సన్ చొక్కాతోనే ఆవిడ వెనక లిఫ్టెక్కబోయాడు.

"దొరా," అని పిలిచింది వెర్నా. "బయట మంచు పడుతోంది. ఇంకో కోటు వేసుకో."