మూడుకాళ్ల ఎర్ర కుర్చీ

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అతన్ని అందరూ భూతద్దం అనే పిలుస్తారు. జేబులో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం ఉంటుంది కనక కొంత, గోరంతలు కొండంతలు చేస్తాడు కనక కొంత. అతనికున్న పిచ్చి ఒక్కటే, పోస్టర్లు. సినిమావి కావు. ఒక ఆధునిక చిత్రకారుడు తన ప్రదర్శనల కోసం పన్నెండేళ్ల పాటు ఏడాదికొకటి చొప్పున గీసి, దగ్గరుండి రాతిపలకల మీద అచ్చు వేయించినవి. అప్పట్లో వాటిని ఊరి గోడలకు అంటించారు. వానకు తడిసి, ఎండకు వెలిసి చాలావరకు పోయాయి. మిగిలిన కొద్దిపాటిలో పదకొండు రకాలు భూతద్దం ఇంట్లో గోడలకు వేలాడుతున్నాయి.

అసలు అచ్చులో రంగు సన్నటి ఇసక జల్లినట్టుంటుందనీ, నకళ్లలో చుక్కలు బారులు తీరి ఉంటాయనీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ భూతద్దం చేతికిచ్చి మరీ చూపిస్తాడు. కాఫీ చల్లారిపోయినా వదలడు. పోస్టరు మీద ముడత కనిపించిందా, ఇక ఆ రోజు అతనికి అన్నం సహించదు. వేసుకున్న చొక్కాకు ఇస్త్రీ లేకపోయినా పట్టదు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది మీ వరస అని భార్య ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

దొరకనిది ఏడోది. పసుపు నేల మీద మూడుకాళ్ల ఎర్ర కుర్చీ. దానికోసం ఎనిమిదేళ్లు తిరగని చోటు లేదు, రాయని ఉత్తరం లేదు. తన మామగారు ముప్ఫై అయిదేళ్లు నిచ్చెన, బకెట్టు పట్టుకుని గోడలకు పోస్టర్లు అంటించిన మనిషే కదా అని ఆయన్నీ ఒకసారి అడిగాడు. అంటించానండీ, వందలు అంటించాను అన్నాడాయన. ఒక్కటైనా దాచలేదా అంటే, అంటించమని ఇచ్చినవి దాచుకుంటే దాన్ని దొంగతనం అంటారు అల్లుడుగారూ అని నోరు మూయించాడు.

ఒక ఆదివారం మామగారింట్లో ఉండగా, పడుకునే గదిలో బీరువాలోంచి తువ్వాలు తెమ్మన్నాడాయన, ఏమరుపాటున. భూతద్దం చెక్క బీరువా తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు, నిలువెత్తున, ఎర్ర కుర్చీ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎనిమిదేళ్లు! తువ్వాలు సంగతి మరిచిపోయి జేబులోంచి భూతద్దం తీశాడు. ఇసక జల్లినట్టే ఉంది రంగు. ఎక్కడా ముడత లేదు. తలుపు తెరిచే చోట, అంచు మీద మాత్రం పాత వేలిముద్రల మసక ఉంది.

మామగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. దొరికిపోయిన దొంగలా గొంతు సవరించుకున్నాడు. అల్లుడు అడగకముందే పందెం వేశాడు.

"చిరగకుండా ఊడదీస్తే మీదే. మూడు ఆదివారాలు గడువు. నేను అంటించింది ఇంతవరకు ఎవరూ ఊడదీయలేదు."

మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి ఆయన చేసే జిగురుకు ఆ పనివాళ్లలో పెద్ద పేరు. దాని పట్టు ఉడుంపట్టు అనేవాళ్లు. అయినా అద్దాన్ని వెంట్రుకవాసి అరగదీసే తన చేతిముందు పిండి ఎంత అనుకున్నాడు భూతద్దం.

మొదటి ఆదివారం తడిబట్ట వేసి, పలచటి కత్తితో రెండు గంటలు తంటాలు పడితే పైన ఎడమ మూల బొటనవేలంత లేచింది. మిగతాది వచ్చే వారానికి వాయిదా వేసి ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాడు. రెండో ఆదివారం వచ్చి చూస్తే ఆ మూల మళ్లీ తలుపుకు అంటుకుపోయి ఉంది. ఆరితే అదే పట్టేస్తుందండీ, నా జిగురు అలాంటిది అన్నాడు మామగారు గంభీరంగా. ఈసారి ఆవిరి పట్టి, జానెడు లేపాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర భార్య, ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకోబట్టి ఇన్నేళ్లూ నోరు మెదపలేదంటూ చెప్పింది, ఆ పోస్టరు ఆయన అమ్మ కోసం తెచ్చినదని. ఊరంతటికీ బొమ్మలు అంటిస్తారు, మన ఇంటికొకటి లేదా అని ఆవిడ దెప్పితే, ఆయన బతుకులో మొదటిసారీ చివరిసారీ ఒకటి చొక్కాలో దాచి తెచ్చాడట. కాంట్రాక్టరు కంటపడకుండా బీరువా లోపల అంటించాడట. పోయేదాకా ఆవిడ రోజూ పొద్దున్నే చీర తీసుకుంటూ, ఇవాళైనా నాలుగో కాలు మొలిచిందా అని కుర్చీని పలకరించేదట. భూతద్దం ఊకొట్టాడు గానీ, మనసంతా ఆవిరి మీదే ఉంది.

మూడో ఆదివారం చూస్తే జానెడూ మళ్లీ అతుక్కుపోయి ఉంది. మామగారు క్షవరానికి వెళ్లాడు. భార్య ఇంకా రాలేదు. భూతద్దం పట్టుదలగా కూర్చుని, చెమటలు కక్కుతూ, సగం కుర్చీని తలుపునుంచి విడదీశాడు. ఇంకో గంటలో పన్నెండూ తనవే. వేడినీళ్లు అయిపోతే వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యిగట్టు కింద మూతపెట్టిన గిన్నె కనిపించింది. తీస్తే అందులో ఇంకా గోరువెచ్చగా ఉన్న జిగురు, పక్కన తడి ఆరని కుంచె.

అతను ఆ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, ఇవ్వనని నోరు తెరిచి చెప్పలేక, వారంవారం కూర్చుని తను ఊడదీసినంత మేరా అంటిస్తూ వచ్చాడు. ఇంటల్లుడు అడిగితే లేదనడమెలా అనుకుని ఉంటాడు. అంచు మీది వేలిముద్రలు ఎవరివో ఇప్పుడు తట్టింది. పోస్టర్లు కొనేవాళ్ల భాషలో దాన్ని లోపం అంటారు, మొదటి రోజు తనూ అలాగే అనుకున్నాడు. భూతద్దానికి సిగ్గేసింది, కళ్లు చెమర్చాయి.

గిన్నె, కుంచె తీసుకుని గదిలోకెళ్లి, విడిపోయిన సగానికీ జిగురు పూసి తలుపుకు అద్దాడు. అరగదీయడం వచ్చినంత మాత్రాన అంటించడం వస్తుందా? కుర్చీ వీపు మీద అడ్డంగా బెత్తెడు ముడత పడింది. అరచేత్తో తోస్తే కిందికి జరిగింది గానీ పోలేదు. గుమ్మంలో అడుగుల చప్పుడు వినిపించింది.

మామగారు నున్నటి గడ్డంతో వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. గిన్నెను చూశాడు, కుంచెను చూశాడు, ముడత మీద బొటనవేలు పెట్టాడు. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, ఆయన ఒక్క తోపు తోస్తే చదునైపోతుంది.

"ఈ ముడత నాది కాదే."

"నాదే మామయ్యా. పందెం ఓడిపోయాను."

ఆయన బొటనవేలు తీసేసి పంచెకు తుడుచుకున్నాడు.

"ఇంత అధ్వాన్నంగా అంటించినవాణ్ణి నా సర్వీసులో చూడలేదండీ. ఉండనివ్వండి. ఆవిడ చూస్తే వారం రోజులు నవ్వేది."

అంటూనే మంచం మీద కూర్చుని తల అటు తిప్పుకున్నాడు. భూతద్దం ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తెరిచిన బీరువా కేసి చూస్తూ ఉండగా భార్య వచ్చింది, తీసేశారా అంది భయంభయంగా. లేదని తెలిశాక ముడత చూసి, అచ్చం వాళ్లమ్మలాగే పగలబడి నవ్వింది.

ఇప్పటికీ తోటి సేకరణదారులు ఏడోది దొరికిందా అని అడుగుతారు. దొరికింది, మా మామగారింట్లో ఉంది, అసలు అచ్చే అంటాడు భూతద్దం. ముడతలేమైనా ఉన్నాయా అంటే, ఒకటుంది, నేనే వేశాను అని గర్వంగా చెబుతాడు.