లీకు లేని గది

ఆ టైర్ల షాపులో అందరూ అతన్ని రికార్డు అని పిలిచేవాళ్ళు. కారు వచ్చి ఆగడమే ఆలస్యం, అద్దం పూర్తిగా దిగకముందే అందుకునేవాడు. "మామూలు గాలి వద్దు సార్. నైట్రోజన్ కొట్టించుకోండి. శుద్ధమైన గాలి. తేమ ఉండదు, మలినం ఉండదు. టైరుకి ప్రాణం పోసినట్టే." ఓనరు కాగితం మీద రాసిచ్చిన ముక్కలవి. మూడు రోజుల్లో కంఠతా వచ్చాయి. నాలుగో రోజునుంచి నమ్మడం మొదలుపెట్టాడు. రోజుకు అరవైసార్లు చెప్పే మాటను నమ్మకుండా ఉండటం మనిషి వల్ల కాదు.

మనం పీల్చే మామూలు గాలిలోనే ఐదు పాళ్ళలో దాదాపు నాలుగు పాళ్ళు నైట్రోజన్. ఆ సంగతి కాగితం మీద లేదు. మిగిలిన ఆ ఒక్క పాలే మనిషిని బతికిస్తుందన్న సంగతీ లేదు. ఓనరు తెలిసి రాయలేదా, తెలియక రాయలేదా అని వాదించుకోవచ్చు. చచ్చిపోయినవాడికి రెండూ ఒకటే.

చచ్చిపోయినవాడు రికార్డుకు బావ. సొంత అక్క మొగుడు. షాపులో ఆయన్ని సబ్బు అనేవాళ్ళు. పంక్చరు వేసినా, వాల్వు మార్చినా, సబ్బునీళ్ళు పూసి బుడగ లేస్తుందేమో అని కళ్ళు చిట్లించి చూస్తేగానీ బండి వదిలేవాడు కాదు. వెనక నాలుగు కార్లు హారన్లు కొట్టినా ఆయనకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "గాలి దొంగలాంటిదిరా. మనం తల తిప్పామా, జారుకుంటుంది" అనేవాడు. ఇంట్లో అక్క నవ్వేది. "పెళ్ళికి ముందు నాకూ పూసి చూసేవాడే, ఆ పూట సబ్బు దొరకలేదు గానీ!"

షాపు వెనక మూల సిలిండర్ల గది ఉంది. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. మూడు పక్కలా గోడ, ముందు అద్దం, దాని పక్కనే తలుపు. లోపల మనిషెత్తు సిలిండర్లు రెండు, గొలుసుతో గోడకు కట్టేసి ఉంటాయి. అద్దం మీద జానెడేసి అక్షరాలతో 'శుద్ధమైన గాలి' అని రాయించాడు ఓనరు, కార్లవాళ్ళు చూసి మురిసిపోవాలని. కానీ అది టైర్ల షాపు. రబ్బరు పొడి, బ్రేకుల మసి, రోడ్డు దుమ్ము. రెండు రోజులకే గది లోపలంతా నల్లటి పొర పట్టింది.

"శుద్ధం అని రాసి వెనకాల బూడిద పరుస్తారా?" అని ఓనరు ఎగిరాడు.

అప్పుడు బావ పాత ట్యూబులు ఏరి తెచ్చాడు. వాటిని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి, తలుపు నాలుగంచులా, అద్దం చుట్టూ, గొట్టం గోడలోంచి బయటికొచ్చే కన్నం చుట్టూ పంక్చరు జిగురుతో అతికించాడు. ఒక కొస రికార్డు పట్టుకున్నాడు. పని అయ్యాక బావ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. బయటనుంచి రికార్డు కంప్రెసర్ గాలిని అంచుల వెంట కొడుతూ వచ్చాడు. లోపల బావ పల్చటి కాగితం ముక్క పట్టుకుని చూశాడు. కాగితం కదల్లేదు.

"ఇక చీమ కూడా దూరదు" అన్నాడు బయటికొచ్చి, చేతులు దులుపుకుంటూ.

చీమ దూరని చోట ఊపిరీ దూరదని ఆ ఇద్దరికీ తట్టలేదు. జీవితమంతా గాలిని బయటికి పోనివ్వకుండా ఆపడమే పనిగా బతికినవాళ్ళు. లీకు లేదంటే వాళ్ళ లెక్కలో అంతా క్షేమం అనే.

ఎండలు ముదిరాయి. బావకు దగ్గు పట్టుకుంది. పాత టైరు లోపల రాపిడి పట్టినప్పుడల్లా లేచే పొడి గొంతులో కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక గోడకు చేరగిలబడి, కడుపు పట్టుకుని దగ్గుతున్నాడు.

"బావా, ఈ దుమ్ములో కూర్చుని దగ్గే బదులు సిలిండర్ల గదిలో నడుం వాల్చరాదూ?" అన్నాడు రికార్డు. "నాజిల్ కాస్త తిప్పుకో, చల్లగా వస్తుంది. శుద్ధమైన గాలి. ఊపిరితిత్తులు కడిగినట్టవుతాయి."

"కార్లకు పట్టేది నాకు పడుతుందంటావా?"

"లక్షల కారుకి మంచిదైంది నీకు చెడ్డదవుతుందా? నీ ఒళ్ళేమన్నా అంతకంటే ఖరీదా?"

బావ నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు. అట్టముక్క ఒకటి చంకలో పెట్టుకుని లేచాడు. "ముప్పావుగంటలో లేపు. మీ అక్కకి చెప్పకు, పనిలో పడుకున్నానంటే నెలరోజులు దెప్పుతుంది."

తలుపు మూసుకుంది. బావ అతికించిన రబ్బరు చట్రానికి హత్తుకుని చిన్న చప్పుడు చేసింది.

రికార్డు రెండుసార్లు ఆ పక్కగా వెళ్ళాడు. రెండుసార్లూ అద్దంలోంచి చూశాడు. ఆ పెద్ద అక్షరాల కింద బావ చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. దగ్గడం లేదు. చూశావా, పని చేసింది అనుకున్నాడు. మూడోసారి తలుపు తీసి "బావా, లే" అన్నాడు. భుజం పట్టి ఊపాడు. తల అటు వాలిపోయింది. చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చేసరికి తనకే కళ్ళు తిరిగాయి. భయానికి అనుకున్నాడు.

డాక్టరు గుండె ఆగిందని రాశాడు. గుండె ఆగకుండా ఎవడు చచ్చాడు? ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. టైర్లు విప్పేవాడు, వయసు యాభై రెండు, దగ్గు ఉంది. చాలదూ! వాళ్ళకు చాలింది.

అక్కకు మాత్రం చాలలేదు. ఆమెకు ఎందుకో తెలుసు. అంటే, తెలుసు అనుకుంది. ఆ పొద్దున బావ లేవలేనట్టున్నాడు, ఇవాళ మానేస్తానన్నాడు. అక్క విసుక్కుంది: "దగ్గు వచ్చిందని ముసుగుతన్ని పడుకుంటే పొయ్యిలో పిల్లి లేస్తుందా?" ఆయన మారు మాట్లాడకుండా చొక్కా వేసుకుని వెళ్ళాడు. అదే ఆఖరు మాట.

"నేనే చంపానురా" అంది తమ్ముడితో, పదో రోజున. ఏడవకుండా అంది, అదే భయం వేసింది. "గుండె అప్పటికే ఆగిపోబోతోంది. నేను లేపి తోలాను. గొడ్డుని తోలినట్టు."

"అదేం మాటే అక్కా" అన్నాడు రికార్డు.

ఆమె వంట మానేసింది. వండినా తినడం మానేసింది. బావ చొక్కా ఒకటి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంటే, దాని ఎదురుగా కూర్చుని గంటలు గడిపేది. మనిషి రోజు రోజుకీ పంక్చరైన ట్యూబులా జావగారి పోతోంది.

ఇరవై మూడో రోజున సిలిండర్ల డ్రైవరు వచ్చాడు. ఖాళీవి దించి నిండువి పెట్టేవాడు. ఒక సిలిండరు మీద వేలితో కొట్టి, మీటరు చూసి, రికార్డు వైపు తిరిగాడు.

"ఇది మొన్న మొన్ననేగా పెట్టా? ఇంత తొందరగా ఎలా అయిపోయింది? గాల్లోకి గానీ వదిలేశారేంటి?"

"మా బావ ఆ రోజు... కాసేపు తిప్పుకుని పడుకున్నాడు. చల్లగా ఉంటుందని."

"ఎక్కడ పడుకున్నాడు?"

రికార్డు గది చూపించాడు. డ్రైవరు తలుపు దగ్గరికెళ్ళి, అంచు వెంట చెయ్యి పోనిచ్చాడు. రబ్బరు పట్టీని తడిమాడు.

"తలుపేసుకునా?"

"ఊఁ."

"ఓరి నాయనా" అన్నాడు డ్రైవరు మెల్లగా. "ఇందులో పీల్చడానికేముందిరా? పీల్చే సరుకు తీసేస్తేనే ఇది తయారయ్యేది. వాసన రాదు, ఉక్కిరిబిక్కిరి చెయ్యదు. మనిషికి తెలియను కూడా తెలియదు. మేం లారీలో కూడా దీంతో పాటు మూసిన చోట కూర్చోం. నీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు. శుద్ధమైన గాలి అని చెప్పారు. టైరుకి ప్రాణం పోసినట్టే అని చెప్పారు.

డ్రైవరు వెళ్ళాక రికార్డు గది తలుపు కాస్త తీసి, బయటనుంచి చెయ్యి మాత్రం దూర్చి నాజిల్ తిప్పాడు. తలుపు మూసి, అద్దం ముందు నిలబడ్డాడు. గొట్టం బుస్సుమంటోంది. అరగంట గడిచాక తలుపు చెయ్యి పట్టేంత తీసి, అగ్గిపుల్ల గీసి లోపలికి పెట్టాడు. ఆరిపోయింది. గాలికి ఆరినట్టు అటూ ఇటూ ఊగలేదు. ఎవరో రెండు వేళ్ళతో నులిమినట్టు ఆరింది. ఇంకోటి గీశాడు. అదీ అంతే. పెట్టెలో పుల్లలన్నీ అయిపోయేదాకా గీశాడు.

ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు. టేబులు మీదున్న గాలి గేజిని అటూ ఇటూ తిప్పాడు.

"డాక్టరు గుండె అన్నాడా లేదా?"

"అన్నాడు."

"నువ్వు డాక్టరు కంటే పెద్దవాడివా? పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాళ్ళ నోట్లో మట్టి కొట్టకు. ఆ గదిలో ఇకమీదట ఎవర్నీ పడుకోనివ్వకు, అంతే. ఎందుకని అడిగితే నా ఆర్డరని చెప్పు." లేచి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకో మాట. వాడికి లోపలికెళ్ళమని చెప్పింది ఎవరు? నేనా? నేను కార్లకు చెప్పమన్నాను. మీ బావకు చెప్పమన్నానా? ఆలోచించుకో. మీ అక్కకు ఏమని చెబుతావు?"

ఈ ఓనర్లకు ఒక విద్య తెలుసు. కత్తి వాళ్ళదే, పిడి మాత్రం మన చేతిలో పెడతారు. రికార్డు తిరిగి పనిలోకి వెళ్ళాడు. మర్నాడు కార్లు వస్తే "నైట్రోజన్ సార్" అన్నాడు. ఆ పైన ముక్క గొంతులోంచి రాలేదు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క కొక్కేనికున్న చొక్కా దించి మడతపెడుతోంది. మళ్ళీ విప్పుతోంది. మళ్ళీ మడతపెడుతోంది.

"జ్వరం వచ్చినవాణ్ణి కూడా అట్లా తోలరు రా" అంది, తల ఎత్తకుండా. "నాకు ఇంక బతకాలని లేదు."

రికార్డు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెబితే అక్క తనను జన్మలో క్షమించదు. చెప్పకపోతే అక్క తనను తాను క్షమించుకోదు. అంతే లెక్క. ఇందులో పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

"రేపు మధ్యాహ్నం షాపుకి రా అక్కా" అన్నాడు.

"ఆ చోటు నేను చూడను."

"చూడాలి. రావాలి."

ఆమె వచ్చింది. షాపు ముందు మూడు కార్లున్నాయి, రెండు జాకీల మీద. పనివాళ్ళు ఆమెను చూసి పనిముట్లు కింద పెట్టేశారు. రికార్డు ముందే నాజిల్ తిప్పి తలుపు మూసి ఉంచాడు. అక్కను అద్దం ముందుకు తీసుకొచ్చాడు. కొత్త అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

"గియ్యి. తలుపు కొంచెం తీస్తాను. చెయ్యి మాత్రమే పెట్టు, తల పెట్టకు."

ఆమె గీసింది. లోపల పెట్టింది. ఆరిపోయింది.

"తడిసినట్టుంది" అంది.

"ఇంకోటి గియ్యి."

ఆరిపోయింది. మూడోది బయటే గీసి, పూర్తిగా అంటుకునేదాకా ఆగి, మెల్లగా లోపలికి పెట్టింది. మంట తలుపు గీత దాటగానే పోయింది. అక్క చేతిలో నల్లటి పుల్ల మిగిలింది.

"బావ గుండెకి ఏమీ కాలేదే" అన్నాడు రికార్డు. "పొద్దున నువ్వు పంపినా, పంపకపోయినా... పీల్చడానికేమీ లేని ఈ గదిలో పడుకోకపోతే సాయంత్రం ఇంటికొచ్చేవాడు. నిన్ను నాలుగు తిట్టి అన్నం తినేవాడు. నీ తప్పు లేదు."

ఆమె అద్దం మీది అక్షరాలు చదివింది. పెదాలు కదిలాయి. "ఇందులో పడుకోమని ఎవరు చెప్పారాయనకి?"

ఓనరు తన గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు. పనివాళ్ళు చూస్తున్నారు. కార్లవాళ్ళు చూస్తున్నారు. ఇంతమంది ముందు రోజుకు అరవైసార్లు నోరు విప్పినవాడికి ఒక్క మాట కొండంతైంది.

"నేనే అక్కా. శుద్ధమైన గాలి, ఊపిరితిత్తులు కడిగినట్టుంటుందని నేనే చెప్పా. రోజూ కార్లకు చెప్పేదే చెప్పా. నిజమనుకునే చెప్పా. అయినా నేనే."

ఆమె కొట్టలేదు. కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ మోసింది దింపుకున్నదాని మొహం కాదది. ఎవరి నెత్తిన పెట్టాలో ఇప్పుడే చూసినదాని మొహం.

"ఇరవై అయిదు రోజులు" అంది. "ఇరవై అయిదు రోజులు నేను మోశాను. ఇక నువ్వు మొయ్యి."

"ఊఁ."

"వాడూ మొయ్యాలి." ఓనరు వైపు చూపించింది, వేలితో.

"అమ్మా, లోపలికొచ్చి కూర్చోండి, మాట్లాడుకుందాం" అన్నాడు ఓనరు. "పబ్లిక్‌లో ఎందుకు..."

ఆమె అతని మాట విన్నట్టే లేదు. తలుపు అంచున రబ్బరు పట్టీని గోటితో గీకుతోంది.

"ఇది ఎవరు అతికించారు?"

"బావే."

"లాగెయ్యి."

రికార్డు నాజిల్ కట్టేశాడు. తలుపు బార్లా తెరిచి, అందరూ దూరంగా నిలబడేదాకా ఆగాడు. టైరు విప్పే గడ్డపలుగు తెచ్చి పట్టీ కొస కింద దూర్చి పైకి లేపాడు. ఊడలేదు. బావ జిగురు రెండు చేతులా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అరచేత్తో అదిమి మరీ అతికించాడు. ఆయన పని అలాగే ఉంటుంది. అక్క వచ్చి లేచిన కొసను రెండు చేతులా పట్టుకుంది. రికార్డు పలుగు మీద బరువేశాడు. అంగుళం వచ్చింది. మళ్ళీ అంగుళం. చెక్క పెచ్చులతో సహా వస్తోంది.

"నేను పోలీసుల్ని పిలుస్తాను" అన్నాడు ఓనరు.

"పిలవండి సార్" అన్నాడు పనివాళ్ళలో ఒకడు, వీల్ అలైన్‌మెంటు చేసే ముసలాయన. "మేమూ అదే అనుకుంటున్నాం." అని తన పలుగు తీసుకుని అద్దం వైపు నడిచాడు.

తలుపు పై అంచు వచ్చేసింది. రెండు పక్కలూ వచ్చేశాయి. అక్క చేతులు మసితో నల్లబడ్డాయి, ఒక గోరు విరిగి నెత్తురు కారుతోంది. రికార్డు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"చాలే అక్కా, చెయ్యి చూసుకో."

ఆమె అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది.

"కింద ఇంకొంచెం ఉంది" అంది. "పలుగు ఇటివ్వు."