దండ లేని ఫోటో

జపనీస్ నేర్చుకుని ఏడేళ్లుగా ఆఫీసులో బాయిలర్ల మాన్యువల్స్ అనువదిస్తున్నదాన్ని. అందుకే నాచారంలో కేబుల్ నడిపే బిక్షపతి వచ్చి, ఆదివారం పొద్దున వేసే జపాన్ బొమ్మల సీరియల్‌కి మైకులో తెలుగు చెప్పమంటే, ఉప్పల్ నుంచి రెక్కలు కట్టుకుని వాలాను. నెల రోజులుగా జనం ఆ భాష ఒక్క ముక్క రాకుండానే కళ్లార్పకుండా చూస్తున్నారట. వాళ్లంతట వాళ్లే కథ ఒకటి అల్లేసుకున్నారని నాకెవరూ చెప్పలేదు.

అందులో ఒక చిన్నపిల్ల రోజూ అమ్మ ఫోటో ముందు అన్నం పెట్టి దణ్ణం పెడుతుంది. "చనిపోయిన అమ్మతో మాట్లాడుతోంది" అన్నాను మైకులో. సీరియల్ అయిన పది నిమిషాలకు మల్లవ్వ కేబుల్ గదికి వచ్చింది. మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వెంట తొమ్మిదేళ్ల మనవరాలు సారలమ్మ.

"సచ్చిపోయిందని ఎట్ల జెప్తవమ్మా? ఫోటోకు దండ ఉన్నదా?"

"జపాన్‌లో దండ వెయ్యరమ్మా."

"సచ్చినోళ్లకు దండ ఎయ్యని దేశముంటదా? ఆమె పనికి వోయింది. వస్తది."

"మేడం, జర మల్లవ్వ జెప్పినట్లే జెప్పున్రి. అందరు గదే అంటున్రు" అన్నాడు బిక్షపతి.

నాకు ఒళ్లు మండిపోయింది. భాష నేర్చుకున్నది నేనా, మల్లవ్వా? అదే అడిగేశాను. ఆమె మనవరాలిని బయటికి పంపి గొంతు తగ్గించింది.

"దీని తల్లి నిరుడు దవాఖానల సచ్చిపోయింది. పనికి వోయిందని జెప్పిన. బొమ్మల తల్లి రాకుంటే, నన్ను అడుగుతది."

ఇంక నేనేం వాదించను? మరుసటి ఆదివారం సీరియల్లో ఆ పిల్ల ఫోటో ముందు ఏడుస్తూ, "నువ్విక రావని తెలుసమ్మా" అంది. "తొందరగా రా అమ్మా" అన్నాను మైకులో. ఏడేళ్లలో తెలిసి చేసిన మొదటి తప్పు. బిక్షపతి మాత్రం మస్తుగా చెప్పానని మురిసిపోయాడు. వాడి మీద, నా మీద చిరాకుతో చెప్పులేసుకుని బయటికొస్తే, మెట్ల మీద సారలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఆ పిల్ల గట్లనలే గదా, మేడం."

"నీకెట్లా తెలుసు?"

"మొకం జూస్తే తెల్వదా? వాళ్లమ్మ సచ్చిపోయింది." లేచి గౌను దులుపుకుంది. "మా అమ్మ గూడ. అవ్వకు జెప్పకున్రి, ఏడుస్తది."