వీపు తెలిసిన పైడమ్మ

మా యంత్రం చేసిన కోడిపుంజుకు తోక ఉండాల్సిన చోట ఇంకో ముఖం ఉంది. రెండు వైపులా కూస్తోంది. దాన్ని బల్ల కింద పెట్టి పనిలో కూర్చుంటాను.

మొన్నటిదాకా ఈ యంత్రం బొమ్మలే గీసేది. ఇప్పుడు చేత్తో పట్టుకునే వస్తువులు చేయడం నేర్పిస్తున్నాను. అది కోట్ల ఫొటోలు చూసింది. ఫొటో దిగేవాళ్లంతా ఇటే తిరిగి నిలబడతారు కనుక, మనుషులకు వెనకవైపు ఉంటుందని దానికి తెలియదు. సాయంత్రంలోగా ఒక్క వీపైనా రాకపోతే యంత్రాన్ని తీసేస్తామని చెప్పి, మేనేజరు గోడ గడియారంలోకి వెళ్లి కూర్చుంటాడు.

పైడమ్మ వస్తుంది. అరవై ఏళ్లుంటాయి. భర్త గౌరీసు పోయి మూడేళ్లట. పాస్‌పోర్టు సైజు ఫొటో ఇస్తుంది.

"మనిసంత కావాల," అంటుంది.

యంత్రం మనిషంత గౌరీసును చేస్తుంది. ఆయన లేచి కాలరు సర్దుకుంటాడు. ముందూ ముఖమే, వెనకా ముఖమే. రెండూ నవ్వుతాయి.

"అదేటమ్మా, రెండు మొకాలెట్టీసినావు?"

"దీనికి వీపు తెలీదమ్మా."

"నాకు మొకమే సరిగ్గా తెల్దు. ముప్పై యేళ్లు ఈయన స్కూటరు ఎనకాలే కూకున్నాను."

"అయితే దానికి చెప్పండి."

"సెప్తే వచ్చీది కాదు."

ఆమె స్టూలు లాక్కుని యంత్రం వెనక పక్కకు తిరిగి కూర్చుంటుంది. దాని నడుం చుట్టూ చెయ్యి వేసి, చెంప ఆనిస్తుంది. యంత్రం కదులుతుంది. గది రోడ్డులా ఆనందపురం ఊరి దాకా పొడవవుతుంది.

"గేదొస్తంది, నెమ్మది," అంటుంది పైడమ్మ. యంత్రం నెమ్మదిస్తుంది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి గౌరీసు వెనక ముఖం ఆవులించి, కళ్లు మూసుకుని, జుట్టులోకి సర్దుకుంటుంది. వీపు వస్తుంది. ఎడమ భుజం కాస్త కిందికి, మెడ కింద ఆవగింజంత మచ్చ. పైడమ్మ దాన్ని వేలితో తాకుతుంది.

"బేగి కూకో," అంటాడు గౌరీసు గుమ్మం ముందున్న తన స్కూటరెక్కి, "ఎండెక్కిపోతంది."

మేనేజరు చిన్న ముల్లు పట్టుకుని కిందికి జారి, యంత్రానికి లడ్డు తినిపిస్తాడు.

వాళ్లను సాగనంపడానికి బీచ్ రోడ్డు దాకా వెళ్తాను. స్కూటరు మలుపు తిరగగానే సముద్రం మెల్లగా అటు తిరుగుతుంది. దాని వీపు నేనెప్పుడూ చూడలేదు. నీలం జాకెట్టు, వరసగా హుక్కులు. ఒకటి ఊడి ఉంది.

"చెయ్యి అందట్లేదు, కాస్త పెట్టమ్మా," అంటుంది.

చెప్పులు విడిచి, రెండు అంచులూ దగ్గరికి లాగి హుక్కు పెడతాను. దూరంగా ఉన్న రెండు ఓడలు జానెడు దగ్గరవుతాయి.