రెండు క్షణాలు ఆలస్యంగా నవ్వు

గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకుని, మైకు మీద వేలితో తట్టి చూసింది అనువాదకురాలు. పార్లమెంటు పైఅంతస్తులో అద్దాల గది అది. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లకి ఊపిరాడదు. ఇరవై రెండేళ్లుగా రోజూ ఇదే తంతు, తన ప్రాంతపు భాషని అనువదించే పని మాత్రం గుండుసున్నా. ఆవిడ ప్రాంతం నుంచి గెలిచొచ్చినవాళ్లంతా పెద్ద పార్టీల మనుషులే. నోరు విప్పితే రాజధాని భాషే, అదీ నాయకుడు సరేనంటేనే. కూర్చుని కూర్చుని ఆవిడ ఆరు స్వెటర్లు అల్లింది. అన్నీ మొగుడికే, పాపం.

పోయిన ఎన్నికల్లో వాళ్ల ప్రాంతీయ పార్టీ మూడంటే మూడు సీట్లు గెలిచింది. చిత్రమేమిటంటే, ఆ మూడూ లేకపోతే ప్రభుత్వం పడిపోతుంది. ఇవాళ విశ్వాస తీర్మానం. ఆ పార్టీ సభ్యురాలు, ఒకప్పుడు పడవరేవులో టిక్కెట్లు చింపినావిడ, సొంత భాషలోనే మాట్లాడతానని పట్టుబట్టింది. అనువాదకురాలి ఉద్యోగ విరమణ సాయంత్రం ఐదింటికి. నాలుగూ నలభై అయినా కింద పెద్దమనుషులు మాట ఆపేలా లేరు.

"రేపటికి వాయిదా వేస్తారేమో అక్కా," అంది పక్క కుర్చీలోని జూనియరు.

"ఆ మాట నోట్లోనే ఉంచుకోవే తల్లీ. రేపు నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు."

పది నిమిషాలకి సభ్యురాలు లేచింది. అనువాదకురాలు మైకు మీట నొక్కింది.

"మా ఏటి మీద వంతెనకి నాలుగుసార్లు శంకుస్థాపన చేశారండీ," అంది సభ్యురాలు తాపీగా. "ఆ రాళ్లన్నీ ఏట్లో పడేసినా ఈపాటికి నడిచి దాటేవాళ్లం."

సభలో చప్పుడు లేదు. ఎవరికర్థమైంది గనక? అద్దం వెనక ఆవిడ అదే మాట రాజధాని భాషలో అంతే తాపీగా అంది. "మా ఏరు" అనే అంది. ఎవరి మాటైనా తన మాటలా చెప్పడం ఆ ఉద్యోగ ధర్మం. ఇవాళ అది నిజం కూడాను. రెండు క్షణాలు గడిచాక ఇటువాళ్లూ అటువాళ్లూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ప్రధాని ఇయర్‌ఫోను చెవికి అదుముకుని మరీ నవ్వాడు. సంతోషం పట్టలేక అనువాదకురాలికి ఏడుపొచ్చినంత పనైంది.

"తేదీ చెప్పండి, మా మూడు ఓట్లూ మీవే," అంది సభ్యురాలు.

ప్రధాని లేచి జవాబిచ్చాడు. దాన్ని సొంత భాషలో సభ్యురాలి చెవిన వేసిందీ ఆవిడే: "వచ్చే వేసవికల్లా. రాసిస్తాను."

ఐదైంది. "అదరగొట్టేశావక్కా," అంటూ జూనియరు వాటేసుకుంది. ఆవిడ సంచీ భుజాన తగిలించుకుని, కూనిరాగం తీస్తూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

బల్ల మీద ఆవిడ చిత్తుకాగితం ఉండిపోయింది, అంకెలు తప్పు చెప్పకుండా హడావిడిగా గీసుకున్నది: రాళ్లు 4. ఓట్లు 3. వేసవి.