పచ్చగుర్తు చెప్పిన అబద్ధం

తనూజను చూస్తే నాకు అసూయ. కోపం తెచ్చుకోకుండా పని చేసేవాళ్లందరి మీదా అసూయే గానీ, ఈ పిల్ల మీద మరీ ఎక్కువ.

కడపలో ఒక బండల షాపు పైన మా ఆఫీసు. నాపరాళ్ల వ్యాపారులకు లారీ లోడు లెక్క చూపే యాప్ చేస్తాం. కోడ్ మార్చిన ప్రతిసారీ కొత్త యాప్ ఫైలు తనంతట తనే తయారై మా టీమ్ గ్రూపులో వచ్చి పడుతుంది. అలా తెచ్చి పడేసే ప్రోగ్రాంను బాట్ అంటాం. బేతంచెర్ల గనుల దగ్గరుండే మా వసంతకుమార్ ఆ ఫైలును ఫోన్లో ఎక్కించుకుని పరీక్షిస్తాడు. ఈ ఏర్పాటంతా తనూజ చేసిందే. అంతకుముందు ఆమె కస్టమర్ల ఫోన్లు ఎత్తేది. వాళ్ల తిట్లు తింటూనే ఇదంతా నేర్చుకుంది.

దసరా సెలవులయ్యి ఆఫీసు తెరిచిన రోజు ఫైలు రాలేదు. "కొత్త యాప్ సిద్ధం" అని బాట్ మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చింది. పని జరిగినట్టు చూపే పచ్చగుర్తులన్నీ వెలిగాయి. "ఫైలు యాడుండాది?" అని వసంతకుమార్ గ్రూపులో అడుగుతూనే ఉన్నాడు.

మా యజమాని ఓబుళేశుకు చిర్రెత్తింది.

"అంతా బాగుండాదని చెప్తాది, చూస్తే ఏమీ ల్యా. దీన్ని నమ్మేదెట్లమ్మా? సాయంత్రానికి సరి గాకపోతే ఎత్తేస్తా. మునుపటి మాదిరి చేత్తోనే పంపిచ్చుకుందాం. నువ్వు మళ్లీ ఫోన్ల కాడ కూచో."

తనూజ ముఖం పాలిపోయింది. "సరే సార్" అని మాత్రం అంది.

అప్పటికే నేను ఇంటర్నెట్ వాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టేశాను. ఫైలు సైజు పెరిగిందన్నాను, బాట్ పాస్‌వర్డ్ గడువు దాటిందన్నాను. అన్నీ ఒకేసారి మార్చి పారేద్దాం పట్టు అన్నాను.

"వద్దు బసవన్నా. అన్నీ మారిస్తే ఏది కారణమో ఎట్ల తెలుస్తాది?" అంది తనూజ.

ముందు ఒక చిన్న ఫైలు పంపి చూసింది. అదీ రాలేదు. అంటే సైజు గొడవ కాదు. పాస్‌వర్డ్ గడువు దాటి ఉంటే బాట్ మెసేజే వచ్చేది కాదు. తర్వాత తన ల్యాప్‌టాప్‌కు సొంత ఫోన్ నెట్ తగిలించి పంపింది. అదీ రాలేదు. అంటే ఇంటర్నెట్ వాడిది ఏ తప్పూ లేదు. నేను మాత్రం వాడికి మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ తర్వాత, ఫైలు పంపేటప్పుడు గ్రూపు నుంచి వచ్చే జవాబులన్నీ తెర మీద పరిచి ఒక్కొక్కటే చదివింది. ఫైలుకు చోటిస్తాను అంది మొదటి జవాబు. ఫైలు అందింది అంది రెండోది. గ్రూపులో చూపించను అంది చివరిది. ఈ బాట్ గ్రూపు సభ్యుడు కాదట. మెసేజ్ పెట్టడానికి సభ్యత్వం అక్కర్లేదు గానీ, ఫైలు పెట్టడానికి కావాలి.

"తప్పు నాదే బసవన్నా. కడాకు వచ్చే ఆ మూడో జవాబు నేను చదవనే లేదు. జవాబొచ్చింది గదాని పచ్చగుర్తు పెట్టించేసినా."

మరి బాట్‌ను తీసేసింది ఎవరు? గ్రూపులో వెనక్కి పోయి చూస్తే, దసరా శుభాకాంక్షల బొమ్మల మధ్య ఎవరూ పట్టించుకోని ఒక లైను కనబడింది. "బాట్‌ను ఓబుళేశు తొలగించారు."

నాకు పూనకం వచ్చినంత పనయింది. తనూజ మాత్రం ల్యాప్‌టాప్ తీసుకుని నెమ్మదిగా ఆయన గదిలోకి వెళ్లింది. తమాషా చూద్దామని నేనూ వెంట పోయాను.

"సార్, పండగనాడు బాట్‌ను గ్రూపులోనుంచి తీసినారా?"

"ఔమ్మా. ఆయుధపూజ గదా. మిషన్లకంతా బొట్లు పెట్టి మూసేస్తిమి. అదొక్కటే పన్జేస్తాంటే బాగుంటాదా? దానికీ ఒగ రోజు రెస్టు ఇయ్యాలనుకుంటి..."

అంటూ అంటూ ఆగిపోయాడు. ఫోన్ తీసి, బాట్‌ను తన చేత్తోనే గ్రూపులో చేర్చాడు. తనూజ మళ్లీ నడిపించింది. ఫైలు వచ్చి పడింది. వసంతకుమార్ దండం బొమ్మ పెట్టాడు.

నేనైతే అక్కడే ఆఫీసంతా దద్దరిల్లేట్టు అరిచేవాణ్ణి. ఆ పిల్ల ఏమందో వినండి.

"సార్, దాన్ని మళ్లీ తీసేయండి."

"ఇప్పుడే గదమ్మా వచ్చింది!"

"రేపు ఎవరో ఒకరు తీస్తారు సార్. అప్పుడు ఇది అబద్ధం చెప్పగూడదు. చెప్పదని మీరు కళ్లారా చూడాల. చివరి జవాబు గూడా చదివేతట్లు ఇప్పుడే మార్చినా."

బయట పొద్దు వాలుతోంది. ఆయన పెట్టిన గడువు అదే. దక్కిన పనిని చేజేతులా మళ్లీ పందెంలో పెట్టింది. ఆయన అయిష్టంగానే బాట్‌ను తీసేశాడు. తనూజ నడిపించింది. ఒక్కొక్క గుర్తూ పచ్చగా వెలుగుతూ పోయి, చివరిది ఎర్రబడింది. గ్రూపులో మెసేజ్ వచ్చింది: "ఫైలు పెట్టలేకపోయాను. నన్ను గ్రూపులోంచి తీసేశారు. దయచేసి చేర్చండి."

తనూజ చెమట పట్టిన అరచేతులను చున్నీకి తుడుచుకోవడం అప్పుడు చూశాను. ఇంత భయం పెట్టుకుని ఇంత నిదానంగా పని చేసిందా అనుకున్నాను.

ఓబుళేశు ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివాడు. బాట్‌ను చేర్చాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బసవన్నా, ఫోన్ల కాడికి వేరే మనిషిని చూడప్పా. ఈ పాపను యాడికీ పంపేది ల్యా."